రోజుకు 13 గంటలు ఇంట్లో లేనివారికి పెంపుడు జంతువు తగునా? తగితే ఏది?

మియాపూర్ నివాసి:

నేను హైదరాబాద్‌లోని మియాపూర్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటున్నాను. ఉదయం 8 గంటలకు గచ్చిబౌలిలోని ఆఫీసుకు బయలుదేరితే తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి 9 దాటుతుంది. పని ఎక్కువగా ఉన్న వారాల్లో 11 కూడా అవుతుంది. శని, ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను గాని, నెలకు ఒకసారి అమ్మానాన్నలను చూడటానికి ఖమ్మం వెళ్లి రెండు రాత్రులు ఉండి వస్తాను. తలుపు తీసేసరికి ఇంట్లో మరొక ప్రాణి కదులుతూ కనిపిస్తే బాగుంటుందని రెండేళ్లుగా మనసులో ఉంది. కుక్కను తెచ్చుకునే ఆలోచన మానుకున్నాను. ఎదిగిన కుక్క కూడా మూత్రానికి వెళ్లకుండా 8 గంటలకు మించి ఉండటం కష్టమని, రోజంతా మనిషి కోసం ఎదురుచూస్తూ బెంగపెట్టుకుంటుందని తెలుసు. మొన్న ఒక అక్వేరియం దుకాణంలో అరచేతిలో పట్టేంత తాబేలు పిల్లలను చూపించి, వీటికి నాలుగు గింజలు వేస్తే చాలు, ఇంకేమీ చేయనక్కర్లేదన్నారు. ఆఫీసులో ఒకరు కుందేలు అన్నారు, మరొకరు పిల్లి అన్నారు. తక్కువ శ్రమతో పెంచుకోదగినది ఏదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. నాలాంటివారు అసలు ఏ జంతువునూ తెచ్చుకోకూడదని ఎవరైనా భావిస్తే, ఆ మాటను కూడా దాచకుండా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

చేపల తొట్టి, విశాఖపట్నం:

ముందుగా ఆ తాబేలు సంగతి. ఆకుపచ్చని ఒంటితో, కంటి వెనుక ఎర్రటి చారతో ఉన్న పిల్లలైతే అవి రెడ్ ఇయర్డ్ స్లైడర్లు. వాటి పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. ఇవాళ అరచేతిలో పట్టే ఆ పిల్ల పెరిగితే 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు కాగలదు, సరిగా చూసుకుంటే 20, 30 ఏళ్లు బతుకుతుంది. దానికి ఈదడానికి వందల లీటర్ల నీళ్లు, ఎక్కి ఒళ్లు ఆరబెట్టుకోవడానికి పొడి గట్టు, నీళ్లను త్వరగా మురికి చేస్తుంది కాబట్టి గట్టి ఫిల్టరు, ఎండ తగలని ఫ్లాట్ అయితే అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం కావాలి. ఆ కాంతి అందకపోతే డిప్ప మెత్తబడుతుంది. పెంచలేక ఏ చెరువులోనో వదిలిపెడితే అక్కడ మన తాబేళ్ల తిండికీ చోటుకూ పోటీ అవుతుంది. ఇక డిప్ప మీద పసుపు చారల నక్షత్రాలున్న మెట్ట తాబేలును ఎవరైనా ఇవ్వజూపితే ఆ మాటే వినకండి. ఆ నక్షత్ర తాబేలును, అలాగే మన రామచిలుకను, పట్టి ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

మీ వేళలకు చేపలే తగినవని నా అభిప్రాయం. చేపలకు శ్రమే ఉండదని నేను చెప్పడం లేదు. ఆ శ్రమలో ఎక్కువ భాగం చేప ఇంటికి రాకముందే పడవలసి ఉంటుంది. తొట్టినీ చేపలనూ ఒకే రోజు కొని, పది రోజుల్లో అన్నీ చనిపోయాక, మాకు చేపలు అచ్చిరావని చెప్పేవారిని ఎందరినో చూశాను. చేప విసర్జించేదాని నుంచి, మిగిలిపోయిన మేత నుంచి చేపలకు హాని చేసే అమోనియా పుడుతుంది. దానిని నైట్రైటుగా, ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అన్నాళ్లూ తొట్టిలో నీళ్లు, మొక్కలు, ఆగకుండా నడిచే ఫిల్టరు మాత్రమే ఉండాలి. రోజూ చిటికెడు మేత వేస్తూ ఉంటే అది కుళ్లి ఆ బాక్టీరియాకు ఆహారమవుతుంది. చేప లేని తొట్టిలో మేత వేయడం చూసేవారికి వింతగా తోచవచ్చు, కానీ తొట్టి నిలబడేది ఆ ఓపిక మీదనే.

ఆ తరువాత పని ఆదివారం అరగంటకు వస్తుంది. నాలుగో వంతు నీళ్లు తీసి, క్లోరిన్ విరుగుడు చుక్కలు కలిపిన కొత్త నీళ్లు పోయాలి. స్పాంజిని కుళాయి కింద కడగకూడదు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, లేకపోతే ఆరు వారాలు పెంచిన బాక్టీరియా ఆ క్లోరిన్‌కే పోతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి, మీకు అది చాలు. గుండ్రటి గాజు గిన్నె మాత్రం కొనకండి. పదేళ్లకు పైగా బతికి జానెడు పెరిగే గోల్డ్ ఫిష్‌ను ఆ గిన్నెలో పెట్టడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఒకే ఒక ఫైటర్ చేపను గాని, ఆరు మగ గప్పీలను గాని తెచ్చుకోండి. ఆడ గప్పీలు వస్తే నెలనెలా పిల్లలు పెడతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు మేత లేకుండా ఉండగలవు కాబట్టి ఖమ్మం వెళ్లేటప్పుడు పక్కింటివారిని మేత వేయమని అడగకండి. తెలియక గుప్పెడు వేస్తారు, చేపలను చంపేది ఆ గుప్పెడే.

పశువైద్యురాలు, విజయవాడ:

చేపల గురించి పై సభ్యులు చెప్పినదంతా సరైనదే. అయితే ప్రశ్నలోనే ఒక సవరణ అవసరమని నాకు అనిపిస్తోంది. తక్కువ శ్రమ అన్నప్పుడు మనం లెక్కపెట్టేది మన నిమిషాలను. నా బల్ల మీదికి చెయ్యి దాటిపోయిన స్థితిలో వచ్చే జంతువులు చాలావరకు యజమానులు ప్రేమగా, శ్రమపడి పెంచినవే. జబ్బు మొదలైన సంగతి ఇంట్లో ఎవరికీ సమయానికి తెలియకపోవడం వల్ల అవి ఆ స్థితికి చేరాయి. అందుచేత మీరు ఏ జంతువు గురించి ఆలోచించినా రెండు విషయాలు అడగండి. మీరు లేని ఆ 13 గంటలను అది తన బతుకు తాను బతుకుతూ గడపగలదా? దానికి ఒంట్లో బాగాలేకపోతే, మీరు గుర్తించి నా వంటివారి దగ్గరకు తీసుకురావడానికి ఎంత వ్యవధి మిగులుతుంది?

ఈ లెక్కన చూస్తే, అందరూ సులువని చెప్పే కుందేలు అన్నిటికన్నా చివరన నిలుస్తుంది. దాని పేగులు రోజంతా గడ్డి తింటూ ఉంటేనే కదులుతాయి. 12 గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉన్న కుందేలును నేను అత్యవసర రోగిగానే చూస్తాను. వేటాడబడే జంతువు కాబట్టి నొప్పిని పైకి చూపదు, మూల కూర్చుంటుంది, మనం నిద్రపోతోందనుకుంటాము. ఉదయం మీరు వెళ్లాక అది తినడం మానేస్తే రాత్రి మీరు వచ్చేసరికి ఆ వ్యవధి అయిపోయి ఉంటుంది. దానికి తోడు వేడిని అసలు తట్టుకోలేదు. ఏప్రిల్, మే నెలల్లో తలుపులు మూసిన ఫ్లాట్‌లో దానిని వదిలి వెళ్లడం ప్రమాదం. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జీ పిట్టలను పెంచుకోవడానికి చట్టం అడ్డురాదు, కానీ అవి గుంపు పక్షులు, ఒంటరి పిట్టకు మీ ఖాళీ ఇల్లు శిక్ష అవుతుంది.

పిల్లి మొదటి పరీక్షలో సులువుగా గెలుస్తుంది. రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది, తెల్లవారుజామున, సందెవేళ చురుగ్గా ఉంటుంది. మీరు ఇంట్లో ఉండే వేళలకు అది కొంతవరకు కలిసివస్తుంది. నాకు భయం రెండో పరీక్ష దగ్గరే. మగ పిల్లికి మూత్రనాళం మూసుకుపోవడం మేము తరచుగా చూసే జబ్బు. మలమూత్రాలకు ఇసుక పోసి పెట్టే లిట్టర్ ట్రేలోకి పదేపదే వెళ్లి, ముక్కి, చుక్క రాకుండా బయటికి వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో వైద్యం అందకపోతే చనిపోతుంది. గిన్నె నిండా గింజలు పోసి రెండు రాత్రులు ఊరికి వెళ్లే ఇంట్లో ఆ ముక్కడం ఎవరు చూస్తారు? పిల్లి కూనను అయితే మీరు తేనే కూడదు, దానికి రోజుకు మూడు నాలుగు సార్లు తిండి, ఆడించే మనిషి కావాలి. రెండేళ్లు దాటి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి, ఇంట్లో ఉండటం అలవాటైన పిల్లి అయితే, మీ ఇంటి తాళంచెవి ఉన్న రెండో మనిషి ఒకరు దగ్గరలో ఉంటే, అప్పుడు సరేనంటాను.

రెండు పిల్లుల ఇల్లు, డాలస్:

డాక్టరు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను ఇక్కడ నర్సుగా 12 గంటల షిఫ్టులు చేస్తూ తొమ్మిదేళ్లుగా రెండు పిల్లులను ఒంటరిగా పెంచుతున్నాను. రెండో మనిషి ఉండి తీరాలనే షరతు పెడితే, ఊరు కాని ఊళ్లో ఒంటరిగా బతికే మాలో చాలామందికి పిల్లి దక్కదు, బోనులో ఎదురుచూస్తున్న చాలా పిల్లులకు ఇల్లూ దక్కదు. ఒకే కాన్పులో పుట్టిన రెండింటిని కలిపి తెచ్చుకుంటే ఒకదానికొకటి తోడు ఉంటాయి. వేళకు మేత పెట్టే యంత్రం, ఫోనులో చూసుకునే కెమెరా ఇప్పుడు ఎవరికైనా దొరుకుతాయి. అయితే ఒక్క సంగతి దాచడం న్యాయం కాదు. ఒకసారి నేను వేరే రాష్ట్రంలో ఉండగా ఆ యంత్రంలో గింజలు ఇరుక్కుపోయాయి. ఖాళీ గిన్నె కెమెరాలో స్పష్టంగా కనిపించింది. తాళంచెవి ఉన్న స్నేహితురాలు వెళ్లి పెట్టేదాకా నాకు ప్రాణం కుదుటపడలేదు. మియాపూర్ నివాసి గారు కిటికీలకు, బాల్కనీకి వల వేయించుకోవాలి. పావురాల కోసం వేసే నైలాన్ వలను పిల్లి కొరికి తెంపగలదు కాబట్టి లోహపు జాలీ మంచిది.

తాబేలు పిల్లల గురించి మరొక మాట. వాటి వల్ల పిల్లలకు సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకుతోందని అమెరికాలో 1975 నుంచి నాలుగు అంగుళాల లోపు డిప్ప ఉన్నవాటిని పెంచుకోవడానికి అమ్మడం నిషేధించారు.

పశువైద్యురాలు, విజయవాడ:

మీ స్నేహితురాలే నేను చెప్పిన రెండో మనిషి. పెళ్లి చేసుకున్నవారికే పిల్లి దక్కాలని నేను అనలేదు. కెమెరాలో కనిపించినదాన్ని చూసి అరగంటలో తలుపు తీయగలవారు ఒకరు ఉండాలన్నాను. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి మీ భయం అకారణమైనది కాదు.

హనుమకొండ సభ్యుడు:

నా అభిప్రాయం వేరు. వద్దు. 13 గంటలు తాళం వేసి ఉండే గదిలో, మన ఒంటరితనానికి మందుగా మరొక ప్రాణిని పెట్టుకోవడం నాకు న్యాయంగా తోచదు. ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఇంట్లో ఉండే పిల్లి 15 ఏళ్లు బతుకుతుంది. ఇలాంటి ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు 15 ఏళ్లు ఒకే ఊళ్లో ఉంటున్నారా? బెంగళూరుకో అమెరికాకో వెళ్లే రోజు వచ్చినప్పుడు ఆ పిల్లి ఎక్కడికి పోవాలి? తిండికి, నీళ్లకు అల్లాడే చోట జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమే గాని, వదిలేస్తున్నవారు వదిలేస్తూనే ఉన్నారు. మీ అపార్ట్‌మెంటు దగ్గర వీధికుక్కలు తప్పక ఉంటాయి. 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాటికి తిండి పెట్టే చోటును, వేళను ఏర్పాటు చేయవలసిన బాధ్యత నివాసుల సంఘానిది. రాత్రి వచ్చేటప్పుడు ఒక కుక్కకు అన్నం పెట్టండి, టీకా, ఆపరేషన్ చేయించండి. మీరు ఊరు మారినా దాని వీధి దానికి ఉంటుంది.

మియాపూర్ నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. హనుమకొండ సభ్యులు గారి ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నిజం చెప్పాలంటే రెండు మూడేళ్లలో కంపెనీ నన్ను విదేశానికి పంపే అవకాశం ఉంది. అమ్మకు ఉబ్బసం ఉన్నందున పిల్లిని ఖమ్మంలో వదిలి వెళ్లలేను. ఎదురింటి ఆంటీ గారు తాళంచెవి ఉంచుకుంటానన్నారు గాని, 15 ఏళ్ల బాధ్యతకు అది సమాధానం కాదు. తాబేలు ఆలోచన మొదటి జవాబుతోనే పోయింది, కుందేలు కూడా అంతే. కాబట్టి పిల్లిని ఇప్పుడు తెచ్చుకోవడం లేదు.

వీధికుక్కకు తిండి పెట్టడం మంచి పనే, చేస్తాను కూడా, కానీ నేను అడిగింది రాత్రి తలుపు తీసినప్పుడు కనిపించే ప్రాణి గురించి. ఫైటర్ చేప సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్లు బతుకుతుందని చదివాను. దానికి చివరిదాకా తోడుండగలననే నమ్మకం నాకు ఉంది. రెండడుగుల తొట్టి ఈ శనివారం తెచ్చి, ఆరు వారాలు చేప లేకుండానే నడుపుతాను. ఒక్క సందేహం మిగిలింది. మా వైపు వేసవిలో కరెంటు పోతే ఒక్కోసారి మూడు నాలుగు గంటలు రాదు, నేను ఇంట్లో ఉండను. అప్పుడు ఏమవుతుంది?

చేపల తొట్టి, విశాఖపట్నం:

ఫైటర్‌ను ఎంచుకోవడం అందుకే మంచిది. దానికి మొప్పలతో పాటు పైకి వచ్చి గాలి పీల్చుకునే అవయవం ఉంటుంది కాబట్టి ఫిల్టరు మూడు నాలుగు గంటలు ఆగినా ఊపిరాడక చనిపోదు, నీటి పైభాగానికీ మూతకూ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉంచితే చాలు. మూత లేకుండా మాత్రం ఉంచకండి, అది ఎగిరి బయట పడుతుంది. ఫిల్టరు బరువైనది వద్దు, గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు కొనండి. దాని ప్రవాహం మెత్తగా ఉండి ఫైటర్ పొడవాటి రెక్కలను అలసిపోనివ్వదు, ఆ పంపు తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి ఇన్వర్టరు ఉంటే ఆ లైనుకు కలపవచ్చు, లేకపోతే బ్యాటరీతో నడిచే పంపు ఒకటి తెచ్చుకోండి. కరెంటు కన్నా నేను ఎక్కువగా భయపడేది వేడికే. ఫైటర్‌కు 24 నుంచి 28 డిగ్రీల నీళ్లు హాయి. తొట్టిని పడమటి కిటికీ దగ్గర పెట్టకండి, మధ్యాహ్నం ఆ గది పరదాలు వేసి వెళ్లండి, నీళ్లు మరీ వేడెక్కాయని ఐసు ముక్కలు వేయకండి, ఉన్నట్టుండి చల్లబడడం ఇంకా ప్రమాదం. ట్యాంకరు నీళ్లు వచ్చిన వారం కాస్త తక్కువగా మార్చండి, ఎందుకంటే ఆ నీళ్ల గుణం మీ కుళాయి నీళ్లలా ఉండకపోవచ్చు. తొట్టి బరువు నీళ్లతో, గాజుతో, ఇసుకతో 70 కిలోలు దాటుతుంది, ప్లాస్టిక్ బల్ల మీద పెట్టకండి. మొక్కల్లో జావా ఫెర్న్, అనూబియాస్ తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి. మూడో వారంలో నీళ్లు తెల్లగా మసకబారితే కంగారుపడి మొత్తం పారబోయకండి, రెండు మూడు రోజుల్లో అదే తేటపడుతుంది.