కొండ ఊరికి ఇంటింటికీ ఇంకుడు గుంతలా, పల్లంలో ఒకే శుద్ధి కేంద్రమా?

నాగావళి_ఒడ్డు: మాది రాయగడ వైపు కొండమీద చిన్న ఊరు. సెప్టిక్ ట్యాంకుల నీరు కాలువల్లో పడి గెడ్డలోకి, అక్కణ్ణుంచి నాగావళిలోకి పోతోంది. అదే నీరు కింద తోటపల్లి బ్యారేజీకి, శ్రీకాకుళానికి వెళ్తుంది. ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వాలని కొందరు, పైపులు వేసి పల్లంలో ఒకేచోట శుద్ధి చేయాలని కొందరు అంటున్నారు. నేను రెండోదానికే. వాలు ఉంది కాబట్టి మోటారు అక్కర్లేదు. అరల ట్యాంకు, దాని వెనక కంకర పరిచిన మడి, అందులో మెట్టతామర మొక్కలు, అంతే.

పాతమేస్త్రి: ఎన్నో ట్యాంకులు కట్టిన చేతులివి, తప్పు ట్యాంకుది కాదు. బయటికొచ్చే నీటిని గుంతలోకి పంపకుండా కాలువలోకి గొట్టం పెట్టే ఇంటివాళ్లది. రెండు గుంతల దొడ్డి కట్టుకోండి, ఒకటి నిండాక రెండోదానికి మళ్లించి మొదటిది మూసేస్తే ఏడాది, రెండేళ్లకి పొడి ఎరువే, ఎవరూ మలం ఎత్తక్కర్లేదు. బావికి 10 మీటర్లు వదిలితే చాలు.

కాఫీతోట: తొందరపడి తవ్వితే ఆ ఎరువులో ఏలికపాము గుడ్లు బతికే ఉంటాయి, అది కూడా చెప్పండి మేస్త్రిగారూ. పైగా మనది పగుళ్ల రాయి, 10 మీటర్లు ఇక్కడ సరిపోవు. శ్రావణంలో మా ఇంటి వెనక పునాది రాళ్ల సందుల్లోంచి నల్లటి నీరు ఊరుతుంది, పైన తెల్లటి నురగ. పై ఇంటి గుంతదే అది. చెప్తే వాళ్లు వినరు.

పాతమేస్త్రి: సరే, 15 వదలండి.

కొండచిలువలు: మా ఇంటికీ పక్కింటికీ మధ్య 10 అడుగులే లేదండీ.

పాతమేస్త్రి: 10 మీటర్ల లెక్క నాది కాదు, ప్రభుత్వ పుస్తకాల్లో ఉన్నదే.

దిగువవీధి: పొద్దున్నుంచి మీటర్లే కొలుస్తున్నారు. పల్లం, పల్లం అంటున్నారే, ఆ పల్లంలో ఉంటున్నది మేము. చెత్తకుప్పా మా పక్కనే, ఇప్పుడిదీ మా పక్కనేనా? పై వీధిలో ట్యాంకు నిండితే పిలిచేదీ మమ్మల్నే. మా చిన్నాన్నని దింపిన ఇంటాయన కనీసం తాడు కట్టలేదు. పైకి లాగేసరికి స్పృహ లేదు, ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసపడతాడు. రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపితే నేరమని 2013లోనే చట్టం వచ్చింది. ఇలా చనిపోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట మీలో ఒక్కరన్నా ఎత్తారా?

నాగావళి_ఒడ్డు: మీ మీద పడేయాలని కాదు తమ్ముడూ. ఇప్పుడు మాత్రం ఆ నీరు మీ వీధి మీదుగా శుద్ధి లేకుండా పోవట్లేదా? శుద్ధి కేంద్రం వస్తే మొదట బాగుపడేది మీ బావులే.

దిగువవీధి: మేలు మాకే అయితే ముందు మమ్మల్నే అడగాలి కదా అన్నా. కొలతలకు వచ్చినవాళ్లు మేకులు కొట్టాక గానీ మాకు తెలియలేదు.

పాతమేస్త్రి: అందుకే కదా ఎవరి జాగాలో వాళ్లు గుంత కట్టుకోమంటున్నా.

దిగువవీధి: మీ జాగాలో ఇంకిందే మా బావిలో ఊరుతోంది మేస్త్రిగారూ, కాఫీతోట గారు చెప్పింది అదే. కేంద్రం వద్దని నేననట్లేదు. ఇళ్లకు ఎడంగా కట్టండి. బురద యంత్రంతోనే తీయాలి, మనిషి దిగకూడదు. ఒడిశా పట్టణాల్లో చాలాచోట్ల ఇలాంటి కేంద్రాలు మహిళా సంఘాలే నడుపుతున్నాయి, ఇక్కడ మా వీధి సంఘానికి జీతంతో ఇవ్వండి.

కాఫీతోట: ఇది న్యాయమైన మాట.

నాగావళి_ఒడ్డు: ఆదివారం మీ వీధిలోనే కూర్చుందాం. మేస్త్రిగారూ, మీరూ రండి.

పాతమేస్త్రి: వస్తా. పగుళ్ల సంగతి మాత్రం తవ్వి చూస్తే గానీ ఒప్పుకోను.

దిగువవీధి: రండి. కానీ ముందు ఆ మేకులు పీకించండి, మాట్లాడుకున్నాక మళ్లీ కొట్టుకోవచ్చు.