అప్‌డేట్: బ్రాకెట్ గొడవ తీరింది

పోయిన వారం అడిగాను కదా, మా పాప కాల్షియం హైడ్రాక్సైడ్‌కి బ్రాకెట్ లేకుండా 'సీఏ ఓహెచ్ టూ' అని రాస్తే మార్కు ఎందుకు పోయిందని. మీరు చెప్పినట్టే వేలెన్సీలు (ఏది ఎన్ని బంధాలు కడుతుందో చెప్పే అంకెలు) అటూ ఇటూ మార్చి, ఒకదాని అంకె రెండోదాని కింద రాయించాను. కాల్షియంకి 2, హైడ్రాక్సైడ్‌కి (ఓహెచ్) 1. మారిస్తే ఆ 2 ఓహెచ్ మొత్తానికి రావాలి, అందుకే దాని చుట్టూ బ్రాకెట్. బ్రాకెట్ లేకపోతే ఆ 2 ఒక్క హైడ్రోజన్‌కే చెందుతుంది, ఆక్సిజన్ ఒకటే మిగులుతుంది. నిజం చెప్పాలంటే నాకే ఇప్పుడు అర్థమైంది!

ఆదివారం కావలి దగ్గర మా రొయ్యల గుంట గట్టు మీద సున్నం బస్తాలు చూపించి ఫార్ములాలు రాయమన్నాను. కాల్చిన సున్నం ఆక్సైడ్, దాన్ని నీళ్ళతో చల్లారిస్తే హైడ్రాక్సైడ్. రెండూ కరెక్టే. కార్బొనేట్‌కి మాత్రం రెండువైపులా 2 వేసింది. రెండు అంకెలూ సమానంగా ఉంటే కొట్టేయాలమ్మా, 'సీఏ సీఓ త్రీ' చాలు అన్నాను.

ఐరన్ క్లోరైడ్ దగ్గర మళ్ళీ ఆగింది. ఐరన్‌కి వేలెన్సీ 2, 3 రెండూ ఉన్నాయి కదా, పేరులో ఏదో చెప్పకపోతే ఎలా రాస్తానని నన్నే అడుగుతోంది.