చేట పోయింది కానీ చెరగడం పోలేదు

చేట మీద మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా, కాస్త పొడుగైతే చేటభారతం అని తిట్టుకోకండి. మా వైపు చేట, తెలంగాణలో చాట, వస్తువు ఒకటే. మూడు పక్కల అంచు లేచి ముందు పక్క ఖాళీగా ఉంటుంది చూడండి, పనంతా ఆ ఖాళీలోనే ఉంది. బియ్యం పైకి ఎగరేసి పట్టుకుంటుంటే బరువున్న గింజ వెనక్కి చేరుతుంది, ఊకా తవుడూ ముందు నుంచి ఎగిరిపోతాయి. దాన్నే చెరగడం అంటాం. వెదురు చేట కొత్తగా కొనగానే వాడేవాళ్ళు కాదు, పాత కాగితాలూ మెంతులూ నానబెట్టి రుబ్బి ఆ ముద్ద లోపలంతా పూసి ఎండబెట్టేవాళ్ళు, లేకపోతే నూకలన్నీ సందుల్లోంచి కారిపోవూ!

ఇప్పుడు బియ్యం ప్యాకెట్లో శుభ్రంగా వస్తోంది, చేట ఎవరికి కావాలి. కానీ మే నెల వస్తే చాలు ప్రతి పేపర్లో సూర్యుడు నిప్పులు చెరుగుతాడు, అసెంబ్లీ మొదలైతే ప్రతిపక్షం చెరుగుతుంది. రాసేవాళ్ళలో ఎంతమందికి చేట గుర్తొస్తుందో గానీ బొమ్మ మాత్రం భలే ఉంటుంది, చేటలో నిప్పులు పోసి చెరిగితే ఎదురుగా నిలబడ్డవాడి గతేంటి?

తూర్పారబట్టడం కూడా ఇదే ఇంటి మాట. కళ్ళంలో నూర్పిడి అయ్యాక ఒక మనిషి ఎత్తు మీద నిలబడి చేట తలకంటే పైకెత్తి గాలివాటుకి మెల్లగా వంపుతాడు, గింజ నిలువుగా కింద రాశిలో పడుతుంది, తాలూ పొట్టూ గాలికి పక్కకి కొట్టుకుపోతాయి. తూర్పు గాలికి పట్టడం వల్ల ఆ పేరొచ్చిందని కొందరు చెప్తారు, నాకు నమ్మబుద్ధి కాదు. కన్నడంలో తూరు అంటే ధాన్యం గాలికి పట్టడమే, గాలి బందాగ తూరికో అని వాళ్ళకో సామెత కూడా ఉంది, మన దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి లాంటిది. తమిళంలో తూట్రు అంటే ధాన్యం తూర్పెత్తడమూ అవుతుంది, ఒకరి పరువు తియ్యడమూ అవుతుంది. అంటే మనిషిని చేటలో పోసి గాలికి పట్టే సరదా మన ఒక్కళ్ళకే లేదన్నమాట, దిక్కుతో పనేం లేదని నా లెక్క.

చిత్రం ఏంటంటే చేట చేసే పనులన్నీ తిట్లలోకి పోయాయి గానీ చేట మాత్రం సంతోషం దగ్గరే ఉండిపోయింది. పిల్లకి సంబంధం కుదిరిందనగానే వాళ్ళమ్మ మొహం చేటంత అవుతుంది, పళ్ళెమంత అయిందని ఎవరూ అనరు. సంస్కృతంలో చేటని శూర్పం అంటారు, శూర్పణఖ అంటే చేటల్లాంటి గోళ్ళున్న మనిషి, శూర్పకర్ణుడు అంటే మన వినాయకుడు, ఏనుగు చెవులు కదా.

ఇంటిగుట్టు లంకకు చేటు అనేదాన్ని కూడా ఇందులో కలిపేస్తుంటారు కొందరు. అది చెడు నుంచి వచ్చిన చేటు, దీనికి చుట్టరికం లేదు.

మీ వైపు చెరగడం కాకుండా చేటని పక్కలకి ఊపుతూ రాళ్ళు వేరు చేసే పనికి విడిగా ఏమంటారు? నేమడం అని విన్నాను నేను, ఇంకా వేరే మాటలుంటే జిల్లా పేరుతో సహా చెప్పండి.