ఆసుపత్రి సిబ్బందికి టీకాను తప్పనిసరి చేయవచ్చా?

అనంతపురం న్యాయవాది:
ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, శరీరంపై హక్కు జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం కిందికే వస్తుందని 2022 మే 2న, కరోనా టీకా నిబంధనలను సవాలు చేసిన జేకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి కరోనా టీకా వేయించుకోని నర్సును విధుల నుంచి తప్పించడం చెల్లదన్నది నా వాదన.

కర్నూలు స్టాఫ్ నర్సు:
న్యాయవాది గారు తీర్పులో సగమే చెప్పారు. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం వ్యక్తుల హక్కులకు హద్దులు పెట్టవచ్చునని, అవి అవసరానికి మించకూడదని కూడా అందులోనే ఉంది. టీకా వేసుకోనివారి వల్లే వ్యాధి ఎక్కువగా వ్యాపిస్తుందనడానికి ప్రభుత్వాలు ఆధారాలు చూపలేదు గనుక, కేసులు తగ్గిన ఆ సమయంలో ఆంక్షలు తగవని కోర్టు అభిప్రాయపడింది.

అయినా కరోనా దగ్గరే ఆగిపోతే అసలు విషయం మరుగున పడుతుంది. నేను మునుపు పనిచేసిన ఒక నర్సింగ్ హోమ్‌లో, తెల్లని గట్టి డబ్బాలో పడవలసిన సూదిని ఎవరో పసుపు సంచిలో పడేశారు. ఆ సంచి ఎత్తిన ఆయమ్మకు అది గ్లౌజు దాటి వేలిలో దిగింది. కుళాయి కింద ఆమె చేయి కడుగుతూ టీకాలు వేయించుకున్నావా అని అడిగితే, "కరోనాకు రెండు సూదులు ఏసినారు కదమ్మా" అన్నది. రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి మాట, దాని టీకా మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. సూది వాడిన రోగికి ఆ వైరస్ ఉండి, గుచ్చుకున్నవారికి రక్షణ లేకపోతే, అది సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఆరు నెలల్లో మూడు డోసులు వేస్తే చాలామందికి రక్షణ దొరుకుతుంది.

అనంతపురం న్యాయవాది:
ఒప్పుకుంటాను. కానీ 2016 నాటి జీవవైద్య వ్యర్థాల (ఆసుపత్రి చెత్త) నియమాల ప్రకారం ఆ టీకా వేయించవలసిన బాధ్యత ఆసుపత్రిది. ఆయమ్మ వద్దంటే ఏం చేస్తారు?

కర్నూలు స్టాఫ్ నర్సు:
వద్దంటే ఆ మాట కాగితం మీద రాయించుకుని, జీతం తగ్గించకుండా సంచులు ముట్టని పనికి మార్చవచ్చు. నేనైతే వద్దన్న ఆయమ్మను ఇంతవరకూ చూడలేదు. తప్పనిసరి అన్న మాటను ముందు యాజమాన్యాలకు వర్తింపజేయమంటున్నాను. మా ఆయమ్మ విషయంలో ఖర్చు కాంట్రాక్టరుదని ఆసుపత్రి, ఆసుపత్రిదని కాంట్రాక్టరు వాదించుకుంటూ ఉండగా, మొదటి డోసు ఖర్చుకు మేము నర్సులమే తలా కొంత డబ్బు వేసుకున్నాము.