మెయిల్ సర్వర్‌కి క్లయింట్ సర్టిఫికెట్: హ్యాండ్‌షేక్ అయ్యాక కనెక్షన్ ఎందుకు తెగుతోంది?

మెయిల్‌గూడు: మా ఆఫీసు రిలే (మెయిల్‌ని ముందుకు పంపే సర్వర్) పాస్‌వర్డ్ అడగదు, క్లయింట్ సర్టిఫికెట్ (పంపే ప్రోగ్రామ్ తనెవరో నిరూపించే డిజిటల్ పత్రం) చూపిస్తేనే మెయిల్ తీసుకుంటుంది. పైథాన్ 3.12, పోర్ట్ 587. స్టార్ట్‌టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్షన్‌లోకి మార్చే కమాండ్) సాఫీగానే అవుతోంది. ఆ తర్వాత ఈహెచ్ఎల్ఓ (సర్వర్‌కి పలకరింపు కమాండ్) పంపగానే కనెక్షన్ తెగుతోంది. పోయిన వారం వరకూ బాగానే నడిచింది, సర్టిఫికెట్ రెన్యూ అయ్యాకే ఈ తలనొప్పి. ఎవరికైనా ఇలా అయిందా?

పొద్దుతిరుగుడు: మాకూ అయిందండి. టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్) 1.3లో క్లయింట్ తన సర్టిఫికెట్ పంపేసి, తన వైపు హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో రెండు వైపులా జరిగే పరిచయం) ముగించేస్తుంది. సర్వర్ దాన్ని ఆ తర్వాతే పరిశీలిస్తుంది. వద్దనుకుంటే ఆ సంగతి మీ కోడ్‌కి తర్వాత చదివేటప్పుడే తెలుస్తుంది. టెస్ట్ కోసం కాంటెక్స్ట్‌లో (పైథాన్‌లో టీఎల్‌ఎస్ సెట్టింగులు పెట్టే ఆబ్జెక్ట్) గరిష్ఠ వెర్షన్ 1.2 పెట్టి చూడండి, ఎర్రర్ హ్యాండ్‌షేక్‌లోనే దొరుకుతుంది.

రాగిచెంబు: సర్టిఫికెట్ ఎలా ఇస్తున్నారు? 3.12లో స్టార్ట్‌టీఎల్‌ఎస్‌కి కీఫైల్, సెర్ట్‌ఫైల్ నేరుగా ఇచ్చే దారి తీసేశారు. డిఫాల్ట్ కాంటెక్స్ట్ తయారుచేసి, దాంట్లో సర్టిఫికెట్, కీ లోడ్ చేసి, ఆ కాంటెక్స్ట్‌నే ఇవ్వాలి. ఫైల్లో ముందు మీ సర్టిఫికెట్, దాని కింద ఇంటర్మీడియట్లు (దాన్ని జారీచేసిన వాళ్ల మధ్యవర్తి సర్టిఫికెట్లు) ఉండాలి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: ఎర్రర్ వచ్చిందని సర్వర్ వెరిఫికేషన్ ఆపేయకండి. అది వేరే విషయం, ఆపితే భద్రత పోతుంది, సమస్య అలాగే ఉంటుంది.

మెయిల్‌గూడు: కాంటెక్స్ట్‌తోనే ఇస్తున్నానండి. 1.2 పెట్టి చూశాను, మీరన్నట్టే హ్యాండ్‌షేక్‌లోనే ఆగింది. 'అన్‌సపోర్టెడ్ సర్టిఫికెట్' అంటోంది.

తాటిముంజ: అయితే కోడ్ వదిలేసి సర్టిఫికెట్ చూడండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎక్స్509 కమాండ్‌కి పర్పస్ ఆప్షన్ ఇవ్వండి. మొదటి వరుసల్లోనే ఎస్‌ఎస్‌ఎల్ క్లయింట్‌కి ఎస్ అనో నో అనో వస్తుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) లాంటి చోట తీసుకున్నదైతే నో రావచ్చు. 2026 ఫిబ్రవరి నుంచి వాళ్ల డిఫాల్ట్ సర్టిఫికెట్లలో క్లయింట్ ఆథెంటికేషన్ ఉండదని 2025లోనే ప్రకటించారు.

మెయిల్‌గూడు: నో అనే వచ్చింది! అక్కడ తీసుకున్నదే. ఇప్పుడేం చేయాలి?

తాటిముంజ: సొంత సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే అథారిటీ) పెట్టుకోండి. రిలే మీదే కాబట్టి బయటివాళ్ల నమ్మకంతో పనిలేదు. సర్టిఫికెట్‌లో క్లయింట్‌ఆథ్ (క్లయింట్‌గా వాడొచ్చనే గుర్తు) వేసి ఇచ్చి, ఆ సీఏని రిలేకి చెప్తే చాలు.

రాగిచెంబు: మా దగ్గర పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్). వేలిముద్ర (సర్టిఫికెట్ లేదా కీ నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తు) చూసి అనుమతిస్తుంది, సీఏతో పనిలేదు. సర్టిఫికెట్ వేలిముద్ర ప్రతి రెన్యువల్‌కీ మారిపోతుంది కాబట్టి పబ్లిక్ కీ వేలిముద్ర రాసుకున్నాం. కీ మార్చనంతవరకూ ఆ వేలిముద్రల టేబుల్ ముట్టుకోనక్కర్లేదు.