‘ఇగ్నోరామస్’ అంటే మూర్ఖుడేనా?

తెనాలి పిల్ల:
ఒక చిన్న సందేహం అండీ. మా అబ్బాయి ఇంగ్లీషు పాఠంలో ‘ఇగ్నోరామస్’ అనే మాట వచ్చింది. నిఘంటువులో మూఢుడు, ఏమీ తెలియనివాడు అని ఉంది. అంతవరకూ బాగానే ఉంది. ఇద్దరు మూఢులుంటే ‘ఇగ్నోరామై’ అనాలా, కాక్టస్ కాక్టై అయినట్టు, అని వాడడిగాడు. లాటిన్ చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పదాల వేట:
అనకూడదమ్మా. అది నామవాచకం కాదు, క్రియ. లాటిన్‌లో ‘ఇగ్నోరో’ అంటే ఎరుగను, ‘ఇగ్నోరామస్’ అంటే ఎరుగము. ఇంగ్లీషులో దీనికి మూడు నాలుగు మాటలు కావాలి. మనకు ఒక్కటి చాలు, లాటిన్‌కూ ఒక్కటి చాలు. చివర ‘ము’ వినగానే చెప్పేది ఒకరు కాదని తెలిసిపోతుంది. అలాంటి దానికి మళ్ళీ బహువచనం కడితే ‘ఎరుగములు’ అన్నట్టుంటుంది.

ఇంతకీ ‘ఎరుగము’ అన్నదెవరు? పాత ఇంగ్లండులోని గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు విచారణకు పోవాలా వద్దా అని ముందుగా తేల్చే పౌరుల బృందం. ఈ రోజుల్లోలా పోలీసు శాఖ, సర్కారీ ప్లీడరు లేని కాలం. నష్టపోయినవాడో, నష్టపోయానని చెప్పుకునేవాడో తనే నేరారోపణ కాగితం రాయించుకుని తెచ్చేవాడు. దాన్ని బిల్లు అనేవారు. పెద్ద నేరమైతే అది నేరుగా విచారణకు పోదు. ముందు గ్రాండ్ జ్యూరీ చూడాలి. అందులో 12 మందికి తగ్గకుండా, 23 మందికి మించకుండా ఉంటారు. ఆరోపించినవాడి సాక్షులను మాత్రమే వింటారు, నిందపడ్డవాణ్ణి పిలవరు. కనీసం 12 మందికి నమ్మకం కలిగితే కాగితం వెనక ‘బిల్లా వెరా’, అంటే నిజమైన బిల్లు అని రాసేవారు. లేకపోతే ‘ఇగ్నోరామస్’ అని రాసేవారు. దీని సంగతి మేమెరుగం, తీసుకుపొండి అని. కక్షకొద్దీ బనాయించిన కేసులు చాలా వరకు అక్కడే ఆగాలని ఆ ఏర్పాటు.

అంటే ఈనాడు తిట్టుగా వాడుతున్న మాట, నిజానికి అమాయకుడి ప్రాణం కాపాడేది. ఆ రోజుల్లో దొంగతనానికి కూడా ఉరి వేసేవారని గుర్తుంచుకుంటే దాని విలువ తెలుస్తుంది.

వరంగల్ వకీలు:
మాస్టారూ, కాపాడేది అన్నారు కాబట్టి కొంచెం అడ్డు తగులుతున్నాను. ‘ఎరుగము’ అంటే నిర్దోషి అని కాదు. ఈ గ్రాండ్ జ్యూరీ తోసేస్తే అదే ఆరోపణను ఇంకో గ్రాండ్ జ్యూరీ ముందు మళ్ళీ పెట్టవచ్చు. 1681లో స్టీఫెన్ కాలేజ్ అనే వడ్రంగి మీద రాజద్రోహం మోపారు. జూలైలో లండన్ గ్రాండ్ జ్యూరీ ఇగ్నోరామస్ రాసింది. సర్కారు ఊరుకోలేదు. కేసును ఆక్స్‌ఫర్డుకు మార్చి, అక్కడ వేరే జ్యూరీలను పెట్టి, ఆగస్టులో ఉరి తీసింది. ‘ఎరుగము’ అన్న లండన్ జ్యూరీ పెద్దను రాజుగారి కోట జైలు అయిన టవర్‌లో పెట్టారు.

పదాల వేట:
ఒప్పుకుంటాను. అయితే అదే ఏడాది నవంబరులో రాజు వ్యతిరేకుల నాయకుడు షాఫ్ట్‌స్‌బరీ ప్రభువు మీద రాజద్రోహం బిల్లు తెస్తే లండన్ గ్రాండ్ జ్యూరీ మళ్ళీ ఇగ్నోరామస్ అంది. జనం వీధుల్లో మంటలు వేసి పండగ చేసుకున్నారు. ఆయన బొమ్మతో పతకం కూడా పోతపోశారు. రాజు పక్షం వాళ్ళకు ఒళ్ళు మండి ‘ఇగ్నోరామస్ జ్యూరీలు’ అని ఎద్దేవా చేయడం మొదలుపెట్టారు. జ్యూరీని ఎంపిక చేసే షెరీఫులు ఎవరి పక్షమైతే తీర్పు వాళ్ళ పక్షం అన్నది వాళ్ళ ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. లండన్ షెరీఫులు అప్పుడు షాఫ్ట్‌స్‌బరీ వర్గం వాళ్ళే.

తెనాలి పిల్ల:
బాగుందండీ. మరి ఎరుగము అన్న జ్యూరీ కాస్తా ఏమీ ఎరగని మూర్ఖుడు ఎప్పుడయ్యాడు?

పదాల వేట:
ఈ గొడవలకు చాలా ముందే. 1615 మార్చిలో ఒకటో జేమ్స్ రాజు కేంబ్రిడ్జికి వస్తే, జార్జ్ రగిల్ రాసిన లాటిన్ ప్రహసనం ఒకటి ఆయన ముందు ఆడారు. పేరు ‘ఇగ్నోరామస్’. అందులో అదే పేరుగల వకీలు ఒకడు. లాటిన్, కోర్టు ఫ్రెంచి, ఇంగ్లీషు కలగాపులగం చేసి మాట్లాడతాడు, ఏ భాషా సరిగ్గా రాదు. కేంబ్రిడ్జి ఊరి రికార్డరును, అంటే ఊరి న్యాయాధికారిని, దృష్టిలో పెట్టుకునే ఆ పాత్రను చెక్కారని అప్పట్లోనే చెప్పుకున్నారు. ఊరికీ యూనివర్సిటీకీ పడేది కాదులెండి. రాజుకు నాటకం ఎంత నచ్చిందంటే మేలో మళ్ళీ వచ్చి చూశాడు. వకీళ్ళకు ఎంత మండి ఉంటుందో ఊహించుకోండి. ఆ పాత్ర పేరే తర్వాత మూఢులందరికీ అంటుకుంది.

వరంగల్ వకీలు:
మా వృత్తి మీద విసుర్లు ఎప్పుడూ ఉన్నవేలెండి 🙂

అబద్ధపు కేసు పెట్టినవాడి సంగతి కూడా చూడాలి గదా. 1611 నాటి కోళ్ళ వర్తకుల కేసు ఇందులో ముఖ్యం. లండన్ కోళ్ళ వర్తకులు కొందరు కూడబలుక్కుని స్టోన్ అనే అతని మీద దోపిడీ మోపారు. గ్రాండ్ జ్యూరీ ఇగ్నోరామస్ అంది. స్టోన్ ఊరుకోక రాజు సలహాదార్లు కూర్చునే కోర్టు అయిన స్టార్ ఛాంబర్‌కు వెళ్ళాడు. వర్తకుల వాదన వినండి: “అసలు విచారణే జరగలేదు, అతనికి శిక్షా పడలేదు, ఇక మేం చేసిన నేరమేముంది?” కోర్టు ఒప్పుకోలేదు. కూడబలుక్కోవడమే నేరం, అవతలివాడు బయటపడ్డాడా లేదా అన్నది మీకు రక్ష కాదు అంది. కుట్ర అనే నేరానికి ఇప్పుడున్న రూపం చాలా వరకు అక్కణ్ణించి వచ్చిందే.

కుట్రకు కనీసం ఇద్దరు కావాలి. ఒక్కడే కక్షకట్టి కేసు పెడితే? దానికి 1698లో సావిల్, రాబర్ట్స్ కేసులో ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ దారి తేల్చాడు. తప్పుడు కేసు వల్ల మనిషికి మూడు రకాల నష్టం అన్నాడు: పేరు పోవడం, ఒంటికో స్వేచ్ఛకో ముప్పు, చేతి డబ్బు వదలడం. ఈ మూడింట్లో ఏ ఒక్కటి జరిగినా దావా వేయవచ్చు. అయితే పచ్చి దురుద్దేశం రుజువు కావాలన్నాడు. లేకపోతే నిజంగా దెబ్బతిన్నవాడు కూడా ఫిర్యాదు చేయడానికి భయపడతాడు. నా లెక్కలో మిగతా చట్టాలన్నిటికన్నా ఈ జాగ్రత్తే గొప్పది. ఎందుకంటే తప్పుడు కేసులను అరికడతాం అనే ప్రతి సర్కారూ ముందు నిజమైన ఫిర్యాదీ గొంతు మీదే కాలు వేస్తుంది.

పాత పద్యాలు:
ఈ మూడో నష్టం, డబ్బు, అది మాట్లాడండి. మన సామెత ఉండనే ఉంది: కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడట.

వరంగల్ వకీలు:
ఇంగ్లండులో గెలిచినవాడు ఇంటికి కూడా వెళ్ళలేకపోయాడండీ, అదే చెప్పబోతున్నాను. జైలరుకు జీతం ఉండేది కాదు. ఖైదీల దగ్గర వసూలు చేసే ఫీజులే అతని బతుకు. లోపలికి వచ్చినందుకు ఫీజు, బయటికి పోయినందుకు ఫీజు. జిల్లాలు తిరిగి విచారించే అసైజు కోర్టు గుమాస్తాకు మళ్ళీ వేరే. గ్రాండ్ జ్యూరీ ఇగ్నోరామస్ అన్నా, జ్యూరీ నిర్దోషి అన్నా, ఆరోపించినవాడు అసలు కోర్టుకే రాకపోయినా సరే, ఫీజు కట్టేదాకా మనిషిని మళ్ళీ జైలుకే లాక్కుపోయేవారు. కేసు బనాయించేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? నేరం రుజువు చేయనక్కర్లేదు. అవతలివాణ్ణి ఒకసారి లోపల వేయించగలిగితే చాలు, మిగతా పని జైలరు చూసుకుంటాడు.

1773లో జాన్ హోవర్డ్ బెడ్‌ఫర్డ్‌షైరుకు జైలు బాధ్యత ఉండే షెరీఫ్ అయ్యాడు. చాలామంది షెరీఫులకు అది ఒక అలంకారం. ఈయన మాత్రం జైలుకు వెళ్ళి చూశాడు. నిర్దోషులు ఫీజుల కోసం మగ్గుతున్నారు. జైలరుకు జీతం ఇవ్వండి, ఫీజులు మానిపించండి అని జిల్లా మేజిస్ట్రేట్లను అడిగాడు. వాళ్ళకు మనసు లేక కాదు గానీ, “ఇంకెక్కడైనా ఇలా ఇస్తున్న ఆనవాయితీ ఉందా?” అన్నారు. ఆ ఆనవాయితీ వెతుకుతూ గుర్రమెక్కి పక్క జిల్లాలకు బయలుదేరాడు. ఒక్కచోటా దొరకలేదు, దొరికిందల్లా అదే అన్యాయం. తర్వాత ఆయన చేసిన జైళ్ళ యాత్రలన్నిటికీ మూలం ఆఫీసులో వినిపించే ఈ పాత పాటే.

1774లో పాపం అనే పార్లమెంటు సభ్యుడు (నిజంగానే పేరది, టాంటన్ నుంచి) బిల్లు తెచ్చాడు. గ్రాండ్ జ్యూరీ ఇగ్నోరామస్ అన్నవాడు, నిర్దోషిగా తేలినవాడు, ఫిర్యాదీ రానివాడు, ఈ ముగ్గురినీ నిండు కోర్టులోనే, ఫీజు లేకుండా వదిలేయాలి. జైలరుకు బదులుగా జిల్లా ఖజానా నుంచి మనిషికి 13 షిల్లింగుల 4 పెన్నీలకు మించకుండా ఇస్తారు. హోవర్డ్ ఆ చట్టాన్ని తన సొమ్ముతో అచ్చు వేయించి జైలర్లకు పంపాడు. చట్టం వచ్చిందన్న సంగతి వాళ్ళంతట వాళ్ళు ఖైదీలకు చెబుతారని ఆయన అనుకోలేదన్నమాట.

డల్లాస్ తమ్ముడు:
అన్నా, మా టెక్సస్‌లో గ్రాండ్ జ్యూరీ ఇంకా ఉంది. 12 మంది కూర్చుంటారు, 9 మంది ఒప్పుకుంటే గానీ నేరారోపణ నిలవదు. తోసేస్తే ‘నో బిల్’ అంటారు. ఇగ్నోరామస్ అనే మాట ఇక్కడ కోర్టులో ఎవరూ అనగా వినలేదు.

పదాల వేట:
ఇంగ్లండులోనే పోయింది తమ్ముడూ. 1733 నుంచి అక్కడి కోర్టు కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని చట్టం అమల్లోకి వచ్చింది. బ్లాక్‌స్టన్ అనే న్యాయ పండితుడు తన న్యాయ వ్యాఖ్యలు రాసే నాటికే ‘ఇగ్నోరామస్’ పాతబడి, ‘నిజమైన బిల్లు కాదు’ అనో ‘దొరకలేదు’ అనో రాస్తున్నారు. రెండోదే మేలంటాడాయన. 1933లో అక్కడ గ్రాండ్ జ్యూరీలే రద్దయ్యాయి.

పాత పద్యాలు:
మన దగ్గర తప్పుడు కేసు పెట్టేవాడికి మంచి మాటే ఉంది, మర్చిపోయాం. ‘మిథ్యాభియోగి’. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయంలో:

నిహ్నవే భావితో దద్యాద్ధనం రాజ్ఞే చ తత్సమమ్ |
మిథ్యాభియోగీ ద్విగుణమభియోగాద్ధనం వహేత్ ||

అప్పు తీసుకోలేదని బుకాయించి రుజువైతే ఆ సొమ్ము ఇచ్చి, రాజుకూ అంతే చెల్లించాలి. లేని అప్పు ఉందని దావా వేసినవాడు అడిగిన దానికి రెట్టింపు కట్టాలి. ఇది డబ్బు తగాదాల సూత్రం, ఇంగ్లండు ఉరి కేసులతో తూచలేం. కానీ ఒకటి గమనించండి. రాజుకు రావలసింది తీర్పు అయ్యాక వస్తుంది, అదీ అబద్ధమాడినవాడి దగ్గర. కోర్టు గుమ్మం దగ్గర ఇద్దరి చేతా కట్టించుకోవడం లేదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర అనే వ్యాఖ్యానాన్ని 13వ శతాబ్దిలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

వరంగల్ వకీలు:
పద్యాలు గారూ, ఆ గుమ్మం మాట బాగా పట్టుకున్నారు. ఎందుకంటే ఈస్టిండియా కంపెనీ వాళ్ళు సరిగ్గా దాన్నే తిరగేశారు. గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ 1793లో దావా ఫీజులు ఎత్తేశాడు. 1795లో బెంగాల్ 38వ రెగ్యులేషన్‌తో మళ్ళీ పెట్టారు. కారణం ఏం రాశారో తెలుసా? ఆధారంలేని దావాలు, వేధించే దావాలు పెరిగిపోయాయట, ఫీజు పెడితే తగ్గుతాయట. ఇంగ్లండులో ఏ ఫీజు తప్పుడు కేసుకు తోడుదొంగగా ఉందని 1774లో తీసేశారో, ఇక్కడ 21 ఏళ్ళకు ఆ ఫీజునే మందు అన్నారు. ఒకటి జైలు ఫీజు, ఇంకొకటి దావా ఫీజు, తేడా ఉంది, కాదనను. కానీ మేలు జరిగింది మాత్రం రెండుచోట్లా డబ్బున్న మిథ్యాభియోగికే.

1830ల్లో మెకాలే ఆ రెగ్యులేషన్ పీఠికను చీల్చి చెండాడాడు. ఇంత అసంబద్ధమైన పీఠిక ఇంకోటి లేదన్నాడు. ఫీజు నిజమైన వాదినీ అబద్ధపు వాదినీ ఒకేలా కొడుతుంది. తప్పుడు దావాలు ఆగాలంటే తీర్పులు సరిగ్గా ఉండాలి, చెడ్డ కేసు గెలుస్తుందన్న ఆశే లేకపోతే ఎవడూ కోర్టు మెట్లెక్కడు అని ఆయన వాదన. మెకాలే మీద నాకు వేరే కోపాలున్నాయి గానీ, ఈ విషయంలో ఆయన పక్షమే.

తెనాలి పిల్ల:
అయితే ఇప్పుడు మన దగ్గర దావా వేస్తే ఫీజు గుమ్మం దగ్గరేనా, తర్వాతా?

వరంగల్ వకీలు:
గుమ్మం దగ్గరే అమ్మా. ఆంధ్రలో 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం. డబ్బు దావా అయితే అడిగిన మొత్తాన్ని బట్టి ముందే కట్టాలి. గెలిస్తే ఖర్చుల కింద అవతలివాడి నుంచి రాబట్టుకోవచ్చు, వసూలైతే. తప్పుడు క్రిమినల్ కేసు పెట్టినవాడికి పాత పీనల్ కోడ్‌లో 211వ సెక్షను ఉండేది, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 248. పద్యాలు గారూ, కేతన ఆ శ్లోకాన్ని ఎలా తెనిగించాడో పుస్తకం దొరికితే ఇక్కడ పెట్టండి. ‘మిథ్యాభియోగి’ని అలాగే ఉంచాడా, అచ్చ తెలుగు మాట ఏమైనా వేశాడా అని చూడాలనుంది.