అప్‌డేట్: క్లాస్ హోర్న్ మళ్లీ ఎలా తేలిందో తెలిసింది

స్వీడన్ నేవీలో 1930ల మొదట్లో కట్టిన క్లాస్ హోర్న్, క్లాస్ ఉగ్లా అనే జంట డిస్ట్రాయర్లు (వేగంగా వెళ్లే యుద్ధనౌకలు) 1941లో రెండూ మునిగితే, అందులో ఒకటి 1943లో మళ్లీ డ్యూటీకి ఎలా వచ్చిందని అడిగాను కదా, జవాబు దొరికింది. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

1941 సెప్టెంబర్ 17న స్టాక్‌హోమ్‌కి దక్షిణాన హోర్ష్‌ఫ్యార్డెన్ అనే అఖాతంలో ఈ రెండూ గోటెబోర్గ్ అనే ఇంకో డిస్ట్రాయర్ పక్కనే లంగరేసి ఉన్నాయి. పేలుడు మొదలైంది గోటెబోర్గ్ మీద. అది మునిగి, ఆయిల్ నీళ్లమీద పరుచుకుని అంటుకోవడంతో మంటలు పక్కవాటినీ చుట్టేశాయి, మూడూ మునిగాయి, 33 మంది పోయారు. యుద్ధంలో లేని దేశంలో, సొంత రేవులో! ఆ సంఖ్య దగ్గర చాలాసేపు ఆగిపోయాను. విద్రోహమా, ప్రమాదమా అన్నది ఇప్పటికీ తేలలేదు.

తర్వాత ఓడల్ని పైకి తీశారు. ఉగ్లా బాగుచేయలేనంతగా పాడైంది, అందుకే దాని భాగాలు తీసి హోర్న్‌కి అమర్చారు. రెండూ ఒకే డిజైన్, చెరో మూడు 120 మి.మీ. బోఫోర్స్ తుపాకులు, ఆరు టార్పెడో ట్యూబులు, కాబట్టి అది కుదిరింది. గోటెబోర్గ్‌ని కూడా రిపేర్ చేశారు.

ఉగ్లా పేరు 1676లో ఓలాండ్ యుద్ధంలో ఓడతోపాటే చనిపోయిన అడ్మిరల్‌ది. అది చదివాక మనసు బరువెక్కింది.